ఏడో పూస మీద గట్టు

మ్యూజియంలో పెద్ద హాలు దాటి, వెనక మెట్లు దిగి, నీళ్ల గొట్టాలు వెళ్లే నడవా చివరికంటా నడిస్తే ఎముకల గది వస్తుంది. ఆ గదిలో పనిచేసేవాళ్లకి ఒక నియమం ఉండేది. గోడ మీద రాసిపెట్టింది కాదు. పని నేర్పేవాడు నేర్చుకునేవాడికి మొదటిరోజే చెప్పేవాడు. ఎముకలో లోటున్న చోట ప్లాస్టర్‌తో పూడ్చు. రంగు మాత్రం ఎముక కంటే ఒక్క వన్నె తక్కువ వెయ్యి. ఆరడుగుల దూరంలో నిలబడ్డవాడికి అతుకు కనపడకూడదు. ఆరంగుళాల దగ్గరికి వచ్చినవాడికి కనపడి తీరాలి.

అతుకులాయన ఆ గదిలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేశాడు. ఆ నియమం ఒక్కసారే తప్పాడు.

అతుకులాయన అన్నది మ్యూజియం వాళ్లు పెట్టిన పేరు. సన్నటి మనిషి. గోళ్ల సందుల్లో తెల్లదనం ఎంత కడిగినా పోయేది కాదు. మాట తక్కువ. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వాళ్ల మొహం కాకుండా వాళ్ల చేతుల్లో ఉన్న వస్తువుని చూసేవాడు. ఇరుగుపొరుగు వాళ్లు పిడి ఊడిన కప్పులూ, కాలు విరిగిన కుర్చీలూ తెచ్చి ఇచ్చేవాళ్లు. వాటిని అతికించేవాడు గానీ, అతుకు దగ్గర ఒక గీత వదిలేసేవాడు. "ఇంత పేరు మోశారు, కనపడకుండా అతికించడం చేతకాదా మీకు?" అని భార్య విసుక్కునేది. చేతకాక కాదని ఆమెకు ఎలా చెప్పడం? అలా ఒకసారి అతికించినందుకే కదా, మ్యూజియంలో అందరూ ముందు మెట్లెక్కి వెళ్తుంటే తను బయట నుంచి చుట్టు తిరిగి వెనక మెట్ల మీదుగా వెళ్లేది.

ముందు మెట్లెక్కితే హాల్లో దొరగారు ఎదురవుతాడు.

దొరగారంటే హాలు మధ్యలో నిలబెట్టిన రాక్షసబల్లి. ఎవరికోసమూ మెడ వంచడు కాబట్టి సిబ్బంది ఆ పేరు పెట్టుకున్నారు. ఆకులూ కొమ్మలూ తప్ప మరోటి ముట్టని జీవి. మెడ ఒక్కటే ఐదుగురు మనుషుల నిలువు. బతికుండగా ఆ మెడ ఏ చెట్ల మధ్య ఎలా ఊగేదో, ఏ పొద్దున ఏ కొమ్మ మంచుని దులిపేదో ఎవరూ చూడలేదు. మిగిలింది నిలువెత్తు నిశ్శబ్దం. అది కూడా అచ్చులతో కట్టిన నిశ్శబ్దం. అసలు ఎముకల బరువుని ఇనుప కడ్డీలు మోయలేవు. అవి కింద గదిలో ఇసుక పరుపుల మీద పడుకుని ఉంటాయి. వాటి నుంచి పోసిన అచ్చులే పైన నిలబడతాయి.

దొరగారిది ఏ ఇల్లు, ఏ వంశం అన్నదే పెద్ద గొడవ. శాస్త్రం వాళ్లు జంతువులకు పెట్టే పేర్లు కూడా మన పేర్లలాగే ఉంటాయి, ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. ఇది ఎప్పటినుంచో తెలిసిన జాతే, ఒళ్లు పెరిగి వయసు ముదిరిందంతే అని లోకం అంది. కాదు, ఇది వేరే ఇల్లు, వేరే జాతి అని ఒక్క ప్రొఫెసర్ గారు అన్నారు. దొరగారిని తవ్వి తెచ్చింది ఆయనే. సభల్లో నవ్వుతున్నారనీ, వెనక నుంచి దగ్గుతున్నారనీ అతుకులాయనతో చెప్పుకునేవారు. ఇంకెవరితో చెప్పుకుంటారు? ఏళ్లకేళ్లు ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చున్నవాళ్లు.

ముప్పై ఒక్క ఏళ్ల కిందటి సంగతి. ఏడో మెడపూస గోనెగుడ్డా ప్లాస్టరూ కట్టు కట్టుకుని, విరిగిన కాలులా బల్ల మీదికి వచ్చింది. అతుకులాయన కట్టు విప్పి, సూదితో రాయి రాలగొట్టి, ఎడమ పక్కని బయటపెట్టాడు. పూస పక్కన గట్టులా ఒక పలక నిలబడి ఉంది, బిస్కెట్టంత పల్చన. ఏదైనా కదిపేముందు బొమ్మ గీసుకోవాలి. ఆ రోజు ప్రొఫెసర్ గారు తొందరపెడుతున్నారు. బొమ్మ తర్వాత గీయొచ్చులే అనుకున్నాడు. పూసని ఇసుక మీద అటు నుంచి ఇటు తిప్పాడు.

చిన్న చప్పుడైంది. ఎండుటాకు మీద ఎండుటాకు పడ్డంత చప్పుడు. పలక విరిగి కాళ్ల దగ్గర పడింది. కంగారుగా వెనక్కి అడుగేశాడు. ఆ అడుగు ఆ పలక మీదే పడింది.

కోట్ల ఏళ్లు రాయిలో చెక్కుచెదరకుండా ఉన్నది తన చెప్పు కింద పొడైపోయింది.

గదిలో ఎవరూ లేరు. ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆ పొడిని కుంచెతో ఊడ్చి, కాగితంలోకి ఎత్తి, పైపూతకని కొంచెం తడి ప్లాస్టర్‌లో కలిపాడు. దాని పొడితోనే దాని వన్నె వచ్చింది. ఒక్క వన్నె తక్కువ కాదు, అచ్చంగా అదే వన్నె. తెల్ల ప్లాస్టర్‌తో గట్టుని మళ్లీ నిలబెట్టి, దాని మీద ఆ పూత పూశాడు. కింద అతుకు గీత సన్నగా కనపడుతోంది. ఎంత రుద్దినా పోదే! చివరికి వేళ్లే దారి వెతుక్కున్నాయి. గట్టుని మధ్యలో రెండుగా చీల్చి, పంగల కర్రలా చెరో పక్కకీ వంచితే, ఆ నీడలో గీత దాక్కుంది. చూసుకుంటే తనకే ముచ్చటేసింది. ఆ ముచ్చట గుర్తొచ్చినప్పుడే ఈ నాటికీ చెవులు వేడెక్కుతాయి. భయంతో చేసిన పని అనుకుంటే కొంత నయం. సరదాపడి కూడా చేశాడు.

మర్నాడు పొద్దున్నే చెప్పేద్దామని వచ్చాడు. తనకంటే ముందు ప్రొఫెసర్ గారు వచ్చి బల్ల మీదికి వంగి ఉన్నారు.

"ఏమోయ్! చీలింది చూశావా? గట్టు రెండుగా చీలింది! ఆ పాత జాతిలో ఒక్కదానికైనా ఉందా ఇలా? నేను మొత్తుకోలేదూ?"

"సార్, అది..."

"అదేనయ్యా, అదే! నీ చెయ్యి చల్లగుండ!" అని వాటేసుకున్నారు. ఆయన కోటు గుండీ అతుకులాయన చెంపకి ఒత్తుకుంది. నోటిదాకా వచ్చిన మాట ఆ గుండీ దగ్గరే ఆగిపోయింది.

రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపటికి ఆయన లోకమంతటికీ ఉత్తరాలు రాసేశారు. ఆర్నెల్లకి దొరగారికి కొత్త ఇంటిపేరు వచ్చింది. సొంతపేరు ఏం పెట్టాలన్నప్పుడు, "ఈ జీవిని నాకు చూపించిన చేతి పేరే" అని ప్రొఫెసర్ గారు పట్టుబట్టారు. హాల్లో ఇత్తడి పలక మీద రెండో మాట అతుకులాయన పేరే, చివర ఒక లాటిన్ తోక తగిలించుకుని.

పేపర్లో పడింది. భార్య ఆ కాగితం కత్తిరిస్తే, ఆవిడ ముచ్చట కాదనలేక ఫ్రేము తనే కట్టి, మేకు తనే కొట్టాడు.

ఆ తర్వాత ఎప్పుడూ ఆయన హాల్లో అడుగుపెట్టలేదు. "దొరగారితో మాటల్లేవా పెద్దాయనా? ఇద్దరిదీ ఒకటే పేరైతే కొట్లాటలు మామూలేలే," అని గేటు దగ్గర వాచ్‌మన్ ఏడిపించేవాడు. ఆయన నవ్వేసి వెనక మెట్ల వైపు తిరిగేవాడు. అలా తిరుగుతూనే రిటైరయ్యాడు.

రిటైరైన ఆరేళ్లకి, ఒక మధ్యాహ్నం, కొత్త మేడం ఇల్లు వెతుక్కుంటూ మూడంతస్తులు ఎక్కి వచ్చింది. ప్రొఫెసర్ గారి కుర్చీలో ఇప్పుడు ఆమె కూర్చుంటోంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. ఒగరుస్తూ, నవ్వుతూ, కాలు అతికించిన కుర్చీలో కూర్చుంది.

"బాబాయ్ గారూ, ఒక్క ప్రశ్న అడిగి వెళ్లిపోతా. నాలుగేళ్లుగా దొరగారి మీదే పనిచేస్తున్నా. పెద్దసారు చెప్పిన తేడాలన్నీ ఒక్కొక్కటే చూశాను. అన్నీ వయసు తేడాలే. మనకి మోకాళ్లు అరిగినట్టే. ఇది పాత జాతే, ముసలిదైపోయిందంతే అని రాద్దామంటే, ఏడో పూస మీద చీలిన గట్టు ఒక్కటి అడ్డం పడుతోంది. అది వయసుతో వచ్చేది కాదు."

అతుకులాయన, భార్య ఇచ్చిన నీళ్లతో ఆమె చేతిలో ఉన్న గ్లాసు వైపు చూస్తున్నాడు.

"కొత్త ఎక్స్‌రే యంత్రంలో పెడితే తేలిపోతుంది. కానీ పూసని గదిలోంచి కదిపితే పగిలిపోతుందని అందరికీ భయం. పెద్దసారైతే ఒప్పుకోనే ఒప్పుకోరు. అదీ నిజమే కదా. ఆ పూసని శుభ్రం చేసింది మీరు. అది మొత్తం ఎముకేనా? మీరు ఏది చెబితే అదే. మీ మాట చాలు నాకు."

"ఎముకే అమ్మా," అన్నాడు అతుకులాయన.

ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! గొంతు తడబడనైనా లేదు.

మేడం ఒక్క క్షణం కిటికీలోంచి బయటికి చూసింది. "అయితే తప్పు నాదే," అంది. "శుక్రవారం ఎముకల గదిలో అందరం కలుస్తున్నాం. పెద్దసారు కూడా వస్తారు. ఆయన ముందే చెప్పేస్తా, నా వాదన వెనక్కి తీసుకుంటున్నానని. మీరూ రండి బాబాయ్ గారూ, ఆయన సంతోషిస్తారు."

నాలుగేళ్ల పనిని, ఒళ్లో పడ్డ రొట్టెపొడి దులుపుకున్నంత తేలిగ్గా దులిపేసుకుంది. భార్య ఫ్రేము దించి చూపిస్తుంటే, "అబ్బ, ఎంత కుర్రగా ఉన్నారో!" అని మురిసిపోయింది కూడా. ఆమె మెట్లు దిగుతుంటే అతుకులాయన పైనుంచి చూశాడు. రెండో అంతస్తు మలుపులో ఆగింది. సంచీ ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత దిగిపోయింది.

తేలిగ్గా కాదు. తేలిగ్గా అన్నట్టు అనిపించిందంతే.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోరోజు భార్య కంచం లాగేసుకుంది.

"చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నువ్వేం చెబుతావ్?"

"ముప్పై ఏళ్ల నుంచి మీకేదో ఉందని నాకు తెలుసు. పేపర్లో పడ్డ రోజు నుంచీ. ఊళ్లోవాళ్లంతా పొగుడుతుంటే మీరు మంచం కింద చెప్పులు వెతుక్కున్నారు. ఎవత్తో ఉందనుకున్నా."

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అంతా చెప్పాడు, పలక, చెప్పు, పొడి, చీలిక. చివరికి మొన్న ఆ అమ్మాయితో చెప్పిన అబద్ధం. ఆమె కంచం అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"అప్పటిది సరే, కుర్రతనం. మొన్న ఎందుకు చెప్పారండీ అలా?"

"అడిగింది కాబట్టి."

"అడిగితే నిజం చెబుతారు గానీ!"

"ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదే. అడిగితే చెబుదామనే అనుకునేవాణ్ని. అడగరని ధైర్యం. తీరా అడిగేసరికి..." ఆయన తలెత్తి గోడ మీద ఫ్రేము వైపు చూశాడు. "దాన్ని దించెయ్."

"మేకు కొట్టింది నేనా? దించేదేదో మీరే దించుకోండి," అని ఆమె కంచం ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లోంచి గొంతు వినిపించింది. "శుక్రవారానికి ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేసి పెడతా. వెళ్లండి."

శుక్రవారం ఎముకల గదిలో ఎనిమిది మంది ఉన్నారు. గది మారలేదు. అవే ఇసుక పరుపులు, అదే జిగురు వాసన. బల్ల మీద ఏడో పూస, గట్టుని పైకెత్తి పడుకుని ఉంది. ప్రొఫెసర్ గారికి ఎనభై నాలుగు. చేతికర్ర వచ్చింది, చెవులు పోయాయి. అతుకులాయన్ని చూడగానే దగ్గరికి లాక్కుని భుజం మీద చెయ్యేశారు. ఆ చెయ్యి ఇప్పుడు ఎండుపుల్లంత బరువు లేదు.

మేడం నిలబడి, మూడు వాక్యాల్లో తన వాదన వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. కాగితాలు మడిచింది. ప్రొఫెసర్ గారి మొహం పసిపిల్లాడిలా విచ్చుకుంది.

"ఏం ఫరవాలేదమ్మాయ్! వెనక్కి తగ్గడం కూడా విద్యే. ఏమోయ్, ఆ గట్టు మొదట చూసింది నువ్వే. ఆ రోజు సంగతి వీళ్లకి నువ్వే చెప్పు."

అతుకులాయన చొక్కా జేబులోంచి సూది తీశాడు. చెక్క పిడి ఉన్న పాత సూది. బల్ల దగ్గరికి వెళ్లాడు. ఎవరో "అయ్యయ్యో" అనేలోపు చీలిన గట్టు మీద ఒక గీత గీశాడు.

గోధుమరంగు కింద తెల్లగా బయటపడింది. రెండంగుళాల తెలుపు.

"ఇది ఎముక కాదండీ," అన్నాడు. "ప్లాస్టర్. నేను చేసింది. అసలుది నా చేతిలో విరిగింది. నా కాలి కింద పడి పొడైపోయింది."

ప్రొఫెసర్ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చుట్టూ చూశారు. ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"ఏమంటున్నాడు? నాకు వినపడలేదు. గట్టిగా చెప్పవోయ్."

ఒకసారి చెప్పడానికి ముప్పై ఒక్క ఏళ్లు పట్టిన మాట. రెండోసారి, గొంతెత్తి, నడవాలో పోయేవాళ్లకి కూడా వినపడేలా చెప్పాల్సి వచ్చింది.

"నేనే విరగ్గొట్టానండీ! ఈ గట్టు నేనే చేశాను! చీలిక అతుకు దాచడానికి పెట్టానండీ! మొన్న మేడం గారు అడిగినా అబద్ధం చెప్పాను!"

నవ్వు ఆ ముసలి మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, దీపం తీసేశాక కంట్లో నిలిచిన వెలుగులా. తర్వాత ఆరిపోయింది. ఆయన కర్ర తాటించుకుంటూ బల్ల దాకా వచ్చి తెల్లటి గీతని చూశారు.

"అసలుది ఎలా ఉండేది? అదైనా చెప్పు. చీలి ఉండేదా, లేదా?"

ఆ ఒక్కటీ చెప్పగలిగితే చాలు. ఉండేదంటే ఆయన గెలుస్తారు, లేదంటే ఆ అమ్మాయి గెలుస్తుంది. అతుకులాయన కళ్లు మూసుకుని వెతికాడు. ఆ పలక కనపడలేదు. దాని చోట తన చేత్తో చేసిందే కనపడుతోంది.

"గుర్తు లేదండీ. బొమ్మ గీసుకోలేదు. దాని మీద ఇది పూసేశాను... నా మనసులో కూడా."

"అయితే ఇక ఎవరికీ తెలీదు," అంది మేడం నెమ్మదిగా. గెలిచినట్టు అనలేదు.

ప్రొఫెసర్ గారు తలుపు వైపు తిరిగారు. "మా ఇంట్లో నా పక్కన కూర్చుని ఎన్నిసార్లు భోంచేశావోయ్," అన్నారు. "ఒక్క పూటైనా..." కర్ర చప్పుడు నడవా పొడుగునా వినపడుతూ పోయింది.

అందరూ వెళ్లాక, ఆ గట్టుని తీసే పని తనకే ఇమ్మని అతుకులాయన అడిగాడు. మేడం చాలాసేపు ఆయన చేతుల్ని చూసింది.

"చెయ్యండి. ముందు బొమ్మ గీయండి, బాబాయ్ గారూ."

ఆ మాటకి చెవులు భగ్గుమన్నాయి. బొమ్మ గీశాడు. మూడు రోజులు తడి దూది అద్దుతూ, మెత్తబడ్డదాన్ని సూదితో రేణువు రేణువుగా తీశాడు. గిన్నెలో నీళ్లు మబ్బులా తిరిగాయి. ఆ మబ్బులో అసలు పలక పొడి కూడా ఉంది. పారబోయడానికి చేతులు రాలేదు. ఆరబెట్టి, చిన్న సీసాలో పోసి, ఏమిటో, ఎవరి వల్లో కాగితం మీద రాసి అంటించాడు.

"ఇత్తడి పలక మీద నా పేరు తీసేస్తారా అమ్మా?" అని ఆఖరిరోజు అడిగాడు. ఆ ప్రశ్నలో ఆశ ఉంది.

"తీయలేం బాబాయ్ గారూ. మా శాస్త్రంలో ఒకసారి పెట్టిన పేరు చెరిగిపోదు. రేపు నేనన్నట్టు ఇది పాత జాతే అని తేలినా, మీ పేరు పాత పేరు పక్కన జాబితాలో ఉంటుంది. ఎప్పటికీ."

ఆయన తల వంచుకున్నాడు. చెరిగిపోతే బాగుండునని ముప్పై ఏళ్లు కోరుకున్నాడు. అది కూడా లేదన్నమాట.

మిగిలింది హాల్లో ఉన్న అచ్చు. దాని ఏడో పూసకీ ఆ చీలిన గట్టే ఉంది. దొరగారి మెడని విప్పడం ఇప్పట్లో అయ్యే పని కాదు, రంగు మార్చి పెట్టమన్నారు. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత ఆయన ముందు మెట్లెక్కాడు. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. హాల్లో దొరగారు అలాగే ఉన్నాడు. తనకి తెలియని మెడతో, తనది కాని పేరుతో, ఎవరివైపూ చూడకుండా.

పై వసారాలో రెయిలింగు దగ్గర నిలబడితే ఏడో పూస చేతికి అందుతుంది. అతుకులాయన డబ్బా మూత తీశాడు. సున్నమంత తెలుపు కలిపి తెచ్చాడు. గేటు దగ్గర నుంచే కనపడాలి. వచ్చేపోయే ప్రతివాడూ వేలెత్తి, అదేమిటని అడగాలి.

పక్కన నిలబడ్డ మేడం డబ్బాలోకి తొంగి చూసింది. "ఇది మీ నియమం కాదే," అంది.

"ఇది చేసిన పనికి ఇదే సరిపోతుందమ్మా."

"ఒక్క వన్నె తక్కువ, అంతే కదా? అంతే వెయ్యండి."

ఆయన కుంచె పక్కన పెట్టాడు. తర్వాత డబ్బాలో గోధుమరంగు పోసి మెల్లగా కలిపాడు. చీలిన గట్టుకి ఒక్క వన్నె తక్కువ రంగు వేశాడు. కింది నుంచి చూసేవాళ్లకి ఏమీ తేడా లేదు. జనం వచ్చారు, మెడలెత్తి చూశారు, ఇత్తడి పలక మీద పేరు కూడబలుక్కుని చదివారు, వెళ్లారు.

సాయంత్రం అవుతుండగా మెట్ల మీద కర్ర చప్పుడైంది. ప్రొఫెసర్ గారు ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ పైకి వచ్చారు. అతుకులాయన కుంచె పట్టుకుని పక్కకి ఒదిగి నిలబడ్డాడు. ప్రొఫెసర్ గారు అతని వైపు చూడలేదు. ఆరడుగుల దూరంలో నిలబడి పూసని చూశారు. తర్వాత రెయిలింగు పట్టుకుని, కళ్లజోడు తీసేసి, ముక్కు తగులుతుందేమో అన్నంత దగ్గరికి వంగారు.

"కనపడుతోంది," అన్నారు పూసతో అన్నట్టు.

కళ్లజోడు పెట్టుకుని, వచ్చినంత నెమ్మదిగా దిగి వెళ్లిపోయారు. అతుకులాయన కుంచె కడిగాడు. గోళ్ల సందుల్లో రంగు అలాగే ఉండిపోయింది.